టెక్ సందేహాలు: 300కు పెంచిన వేగం 94 దగ్గర ఎందుకు ఆగింది?

ప్రశ్న: మాది చెన్నై, వేళచ్చేరి. ఇంటి నుంచే పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. అదే ధరకు మా వేగాన్ని 100 ఎంబీపీఎస్ నుంచి 300కు పెంచామని ఇంటర్నెట్ కంపెనీ పోయిన నెల సందేశం పంపింది. రూటర్ ఆపి మళ్లీ వేశాను. ల్యాప్‌టాప్‌కు కేబుల్ తగిలించి పదిసార్లు కొలిచాను. 94 దాటడం లేదు. ఫోన్ చేస్తే ‘మా వైపు నుంచి 300 వస్తోంది మేడమ్’ అంటున్నారు. ఇది మోసమేనా?

జవాబు: మీరు రాసిన ఆ 94లోనే జవాబు ఉంది. ఒకసారి 60, ఒకసారి 110, రాత్రిపూట 40 అని రాసి ఉంటే లైనులో రద్దీ అనుకునేవాణ్ణి. ఎప్పుడు కొలిచినా 94, 95 దగ్గర గోడ కట్టినట్టు ఆగుతోందంటే, దారిలో ఎక్కడో 100కు మించి మోయలేని పోర్టు (కేబుల్ గుచ్చే చోటు) గానీ కేబుల్ గానీ ఉందని అర్థం. మనం పంపే ప్రతి డేటా ముక్కకూ ముందు చిరునామా, వెనక తప్పులు సరిచూసే అంకెలు చేరతాయి. ఆ బరువు పోగా 100లో మన చేతికి దక్కేది 94, 95 మాత్రమే. అంటే కంపెనీ మాటా నిజం కావచ్చు, మీ కొలతా నిజమే.

చెన్నైలో ఎన్నో అపార్ట్‌మెంట్లలో ఫైబర్ మేడ మీది పెట్టె దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ పెట్టెలోని స్విచ్ (ఒక లైనును చాలా ఇళ్లకు పంచే పరికరం) నుంచి ఒక్కో ఇంటికి రాగి తీగల లాన్ కేబుల్ దిగుతుంది. దానిలో రెండేసి మెలివేసిన నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు నారింజ జత, ఆకుపచ్చ జత చాలు. నీలం, గోధుమ రంగు జతలు తెగిపోయి ఉన్నా ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. ఇళ్లలో వాడే మామూలు రూటర్ పోర్టులకు 100 తర్వాతి మెట్టు 1000. మధ్యలో 300 అనే మెట్టు లేదు. 300 రావాలన్నా లింకు 1000కి ఎక్కాల్సిందే, అందుకు ఎనిమిది తీగలూ పనిచేయాల్సిందే. ఒక్క తీగ చెడినా చాలా రూటర్లు చప్పుడు చేయకుండా 100కు దిగిపోతాయి.

తిరువొత్తియూరులో మా అక్క ఇంట్లో పోయిన ఏడాది సరిగ్గా ఇదే జరిగింది. వాళ్ల కంపెనీ కూడా వేగం పెంచింది, అక్కకు మాత్రం 94 దాటలేదు. మూడు వారాలు ఫోన్లు చేశాక గూడూరు నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్న ఒక కుర్రవాడు వచ్చాడు. నేనూ అతనితో మేడ ఎక్కాను. పెట్టె తెరిచి, కేబుల్ కొసనున్న ప్లగ్గును కత్తిరించి అరచేతిలో పెట్టి చూపించాడు. నీలం తీగ కొసన పచ్చటి చిలుము పట్టి ఉంది. గోధుమ తీగలైతే అసలు ప్లగ్గులోకే వెళ్లలేదు, పైతొడుగు దగ్గరే ఎవరో కత్తిరించి వదిలేశారు. పక్కనే సముద్రపు గాలి, పైన ఏటా ఈశాన్య ఋతుపవనాల వాన. రాగి ఇంకేమవుతుంది? అతను తొడుగును రెండు వేళ్ల మేర ఒలిచి, తీగలను రంగుల వరుసలో పేర్చి, కొత్త ప్లగ్గు బిగించి టెస్టర్‌కు తగిలించాడు. ఎనిమిది దీపాలూ ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. కిందికి దిగి కొలిస్తే 290 దాటింది. అంతా కలిపి పదిహేను నిమిషాల పని.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. వేగం పెంచడం కంపెనీకి తన కంప్యూటర్లో ఒక అంకె మార్చడంతో సరి. ఆ వేగం ఇంటి గుమ్మం దాటిందో లేదో చూడకుండా ‘పెంచాం’ అని సందేశం పంపడం బాధ్యత అనిపించుకోదు. వినియోగదారు చెల్లించే డబ్బు ఇంటికి చేరే వేగానికే కదా.

ఇప్పుడు మీ ఇంట్లో చూడవలసినవి. విండోస్ ల్యాప్‌టాప్ అయితే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, అందులో ఈథర్నెట్ తెరవండి. లింక్ స్పీడ్ ఎదురుగా 100/100 అని ఉందా, 1000/1000 అని ఉందా? 100 అని ఉంటే చిక్కు ల్యాప్‌టాప్‌కూ రూటర్‌కూ మధ్యే ఉంది. యూఎస్‌బీ ద్వారా లాన్ తగిలించే చౌక అడాప్టర్లలో 100కు మించనివి చాలా ఉన్నాయి, ముందు దాన్ని అనుమానించండి. 1000 అని ఉంటే రూటర్ వెనక, కంపెనీ కేబుల్ వచ్చి చేరే పోర్టు ఏ రకమో చూడండి. ఐదారేళ్ల క్రితం ఉచితంగా ఇచ్చిన రూటర్లలో ఆ పోర్టు 10/100, అంటే 100కు మించనిది, కావడం మామూలే. అదైతే రూటర్ మార్చక తప్పదు. పోర్టు గిగాబిట్‌దే (1000 మోసేదే) అయితే మిగిలింది మేడ మీది నుంచి దిగే కేబుల్.

కంపెనీకి ఫోన్ చేసినప్పుడు ‘నెట్ నెమ్మదిగా ఉంది’ అని చెప్పకండి. ‘లింకు 100 దగ్గర ఆగుతోంది, ఎనిమిది తీగలూ టెస్టర్‌తో చూడాలి, రెండు కొసలకూ కొత్త ప్లగ్గులు బిగించాలి (క్రింప్ చేయాలి), కుదరకపోతే 1000 మోసే క్యాట్ 5ఇ కేబుల్ వేయాలి’ అని చెప్పండి. ఫిర్యాదు సంఖ్య తప్పకుండా తీసుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం, పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పీలు విభాగానికి 30 రోజుల్లోగా వెళ్లవచ్చు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదును నేరుగా తీసుకోదు. అందుకే ఆ సంఖ్య చేతిలో ఉండాలి.

ప్రశ్న: కేబుల్‌తో 300 వస్తోంది. పడకగదిలో మా అబ్బాయి ఫోనులో వైఫై 45 దాటదు. కొత్త రూటర్ కొనమంటారా? (పెరంబూరు)

జవాబు: ఇప్పుడే కొనకండి. ఫోను 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫైకి అంటుకుని ఉన్నట్టుంది. ఆ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు మూడే, 1, 6, 11. మీ అంతస్తులోని ఇళ్లన్నీ ఆ మూడింటినే పంచుకోవాలి. రూటర్‌లో 5 గిగాహెర్ట్‌జ్ ఉంటే దానికి వేరే పేరు పెట్టి ఫోనును అందులో కలపండి. అది గోడలు దాటడంలో బలహీనం కాబట్టి రూటర్‌ను టీవీ అల్మారా లోపల నుంచి తీసి, హాలు మధ్యలో మనిషి తల ఎత్తున పెట్టండి. అప్పుడూ పడకగదికి అందకపోతే, అక్కడిదాకా ఒక లాన్ కేబుల్ లాగి చివర చిన్న యాక్సెస్ పాయింట్ (కేబుల్‌తో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే పెట్టె) పెట్టడం, వైఫైనే అందుకుని మళ్లీ పంపే రిపీటర్ కన్నా ఎన్నో రెట్లు మేలు.

ప్రశ్న: 300 అన్నారు. సినిమా దించుకుంటుంటే 35 అని చూపిస్తోంది. (అన్నానగర్)

జవాబు: ఇందులో మోసం లేదు. కంపెనీ చెప్పేది మెగాబిట్లు, మీ కంప్యూటర్ చూపేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 300ను 8తో భాగిస్తే 37.5. మీకు 35 వస్తోందంటే లైను చక్కగా ఉంది.

ప్రశ్న: రాత్రి షిఫ్టులో అమెరికా ఆఫీసుతో మాట్లాడుతుంటే గొంతు తెగిపోతోంది. వేగం పెంచాక కూడా అంతే. (షోళింగనల్లూరు)

జవాబు: ఒక వీడియో కాల్‌కు నాలుగైదు ఎంబీపీఎస్ చాలు. మీకు ఇబ్బంది వేగంతో రాలేదు. చెన్నై తీరం నుంచి సింగపూర్ వైపు సముద్రగర్భ కేబుళ్లు వెళ్తాయి, మీ మాట అలాంటి దారుల్లోనే అమెరికా చేరాలి. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లే పోతుంది. అందుకే మాట వెళ్లి బదులు రావడానికి 200 మిల్లీసెకన్లు దాటడం సహజం, ఏ ప్లానూ దాన్ని తగ్గించలేదు. అయితే ఆలస్యం వేరు, తెగడం వేరు. తెగడానికి ఎక్కువగా కారణం ఇంట్లోని వైఫై. షిఫ్టు వేళల్లో ల్యాప్‌టాప్‌కు కేబుల్ తగిలించండి. అప్పటికీ తెగుతుంటే అప్‌లోడ్ వేగం కొలవండి. కొన్ని ప్లాన్లలో డౌన్‌లోడ్ మాత్రమే పెరుగుతుంది, అప్‌లోడ్ పాతదే ఉంటుంది.

ప్రశ్న: ఇంట్లో అమ్మానాన్నలు ఇద్దరే. ఏడాది డబ్బు ముందే కడితే 1 జీబీపీఎస్ ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? (టి.నగర్)

జవాబు: వద్దు. 4కే సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్. ఇద్దరికీ 100 ధారాళంగా సరిపోతుంది. ‘అపరిమితం’ అనే చాలా ప్లాన్లకు నెలకు 3300 జీబీ హద్దు ఉంటుంది, అది దాటితే వేగం పడిపోతుంది. ఎక్కువ వేగం కొన్నంత మాత్రాన ఆ హద్దు పెరగాలని లేదు. ఏడాది సొమ్ము ముందే కట్టకుండా నెలనెలా కట్టండి. లైను చెడి ఎవరూ రాకపోతే వెంటనే వేరే కంపెనీకి మారే వీలుంటుంది.