క్యాజువాలిటీలో కొత్తగా చేరుతున్న డాక్టరమ్మకు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే వారం నుంచి క్యాజువాలిటీ డ్యూటీ అని రాశావు. ఇన్నాళ్లూ జబ్బు పేరు కనుక్కుని, ఆ తర్వాత వైద్యం చేయడం నేర్చుకున్నావు. అక్కడ ఆ వరస తిరగబడుతుంది. 'ఈ మనిషికి ఏమై ఉంటుంది' అన్నది రెండో ప్రశ్న. 'వచ్చే గంటలో ఈ ప్రాణం తీయగలిగేది ఏది' అన్నది మొదటిది.

అందుకే గాలిదారి, ఊపిరి, రక్తప్రసరణ, స్పృహ, ఆపైన బట్టలు తొలగించి ఒళ్లంతా చూడడం అనే వరస ఎంత హడావుడిలోనూ తప్పకు. ఎక్కడ లోపం కనబడితే అక్కడే ఆగి, సరిచేసి ముందుకు వెళ్లు. "మీ పేరేంటి, ఏమైంది" అని అడుగు. ఆయాసపడకుండా పూర్తి వాక్యంలో జవాబొస్తే గాలిదారి ఆ క్షణానికి బాగున్నట్టే, మెదడుకు రక్తం అందుతున్నట్టే.

ఊపిరి మాత్రం నువ్వే లెక్కపెట్టు. కేసు షీట్లలో అందరికీ 18 అనో 20 అనో రాసేస్తుంటారు. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, పూర్తిగా ఒక నిమిషం ఛాతీని గమనించు. లెక్కపెడుతున్నావని తెలిస్తే వాళ్ల ఊపిరి మారిపోతుంది. నిమిషానికి 25 దాటి, ఊపిరితిత్తుల్లో అసహజమైన చప్పుడేదీ లేకపోతే 'కంగారు' అని రాసేయకు. షుగర్ వల్ల రక్తంలో ఆమ్లం పెరిగిందా, ఇన్ఫెక్షన్ ఒళ్లంతటినీ దెబ్బతీసే సెప్సిస్ మొదలైందా, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందా అని వెతుకు. ఈ మూడింటిలోనూ వేలికి పెట్టే యంత్రం శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 98 చూపించవచ్చు. మూసిన గదిలో పొగ పీల్చిన మనిషికైతే ఆ అంకెను అసలే నమ్మకు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆ యంత్రం ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చదువుతుంది.

బీపీ కూడా అంతే. వయసులో ఉన్నవాళ్లకు దాదాపు 30 శాతం రక్తం పోయేదాకా పై బీపీ పడకపోవచ్చు. అంతకుముందే చేతులు చల్లబడతాయి, నాడి వేగం పెరుగుతుంది. గోరును 5 సెకన్లు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు దాటుతుంది. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడే పెద్దవాళ్లలో నాడి వేగం కూడా పెరగకపోవచ్చు. కాబట్టి వాళ్ల మందుల సంచీ తెప్పించి చూడు.

స్పృహ తేడాగా ఉన్న ప్రతి ఒక్కరికీ గ్లూకోమీటర్ మొదట. పక్షవాతంలా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, మద్యం వాసన కొడుతున్నా సరే. షుగర్ 70 కంటే తక్కువగా ఉండి స్పృహ సరిగా లేకపోతే 25 శాతం డెక్స్ట్రోజ్ 100 మిల్లీలీటర్లు ఇవ్వు. కాన్యులా (మందు ఎక్కించే సన్నని గొట్టం) నరంలోనే ఉందని ముందు సెలైన్‌తో తేల్చుకో. ఆ మందు బయటికి కారితే చుట్టూ ఉన్న కండ చచ్చిపోతుంది. 15 నిమిషాలకు మళ్లీ షుగర్ చూడు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లు లేచి కూర్చుని మాట్లాడుతున్నా ఇంటికి పంపకు. ముఖ్యంగా కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో ఆ మాత్రల ప్రభావం గంటలకొద్దీ మిగిలి, షుగర్ మళ్లీ పడిపోతుంది. కనీసం 24 గంటలు కనిపెట్టి ఉండాలి.

ఇక ఛాతీ నొప్పి. 'గ్యాస్ నొప్పి' అన్న మాట రోగి అన్నా, తీసుకొచ్చినవాళ్లు అన్నా నీ చెవికి ఎక్కించుకోకు. వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీసి, నీ కళ్లతో చూసి ఉండాలి. మొదటిది మామూలుగా ఉన్నంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదు. నొప్పి ఉన్నంతసేపూ 15 నుంచి 30 నిమిషాలకోసారి మళ్లీ తీసి, పాతదాని పక్కన పెట్టి పోల్చు. రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో (గుండె అడుగుభాగాన్ని చూపే ఈసీజీ గీతల్లో) ఎస్‌టీ అనే భాగం పైకి లేస్తే ఛాతీ కుడివైపు పెట్టే వీ4ఆర్ లీడ్ తీయకుండా, రక్తనాళాలను వదులు చేసే నైట్రేట్ మందు జోలికి పోకు. గుండె కుడి గది దెబ్బతిన్నప్పుడు అది బీపీని ఒక్కసారిగా పడగొడుతుంది. వీ1 నుంచి వీ3 వరకు ఎస్‌టీ కిందికి దిగితే వీపు మీద వీ7 నుంచి వీ9 తీయి. నొప్పి మొదలైన కాసేపటికే చేసిన ట్రోపోనిన్ (గుండె కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం) పరీక్ష మామూలుగా ఉండవచ్చు. రెండోసారి తప్పదు. యాంటాసిడ్‌తో నొప్పి తగ్గిందన్నది రుజువే కాదు. షుగర్ ఉన్నవాళ్లు, ముసలివాళ్లు, ఆడవాళ్లు నొప్పి లేకుండా ఒట్టి ఆయాసంతోనో, చెమటలతోనో, వాంతులతోనో రావచ్చు.

గుండెపోటే అని తేలినా, గడ్డ కరిగించే మందు ఎక్కించే ముందు ఒక్క నిమిషం ఆగు. నొప్పి మొదటి క్షణం నుంచే భరించలేనంతగా ఉందా, వీపులోకి పాకిందా అని అడుగు. రెండు చేతులకూ బీపీ చూడు. తేడా 20 దాటితే బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) చీలిందేమో అనుకోవాలి. అప్పుడు ఆ మందు ప్రాణం తీస్తుంది. తేడా లేదు కదా అని అనుమానం వదిలేయకు, చీలిక ఉన్నా బీపీ సమానంగా ఉండేవాళ్లు చాలామంది.

ప్రాణం మీదికొచ్చే అలర్జీ, అంటే అనాఫిలాక్సిస్‌లో పెద్దవాళ్లకు అడ్రినలిన్ అర మిల్లీగ్రాము, తొడ బయటివైపు కండలోకి. తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్లీ. దురద తగ్గే ఇంజెక్షన్, స్టెరాయిడ్ ముందు ఇచ్చి ఎదురుచూడడమే అక్కడ జరిగే పెద్ద పొరపాటు. రోగిని లేపి నిలబెట్టకు.

చీటీ మీద ముందే ఒక రోగం పేరు రాసి వచ్చిన రోగిని మరింత జాగ్రత్తగా చూడు. ఆ పేరులో ఇమడని లక్షణం ఏదని వెతుకు. 60 దాటిన మనిషికి జీవితంలో మొదటిసారి 'కిడ్నీ రాయి నొప్పి' అంటే, పొట్టలో బృహద్ధమని ఉబ్బిందేమో స్కాన్‌లో చూడకుండా వదలకు. పిల్లలు కలిగే వయసున్న స్త్రీ కడుపునొప్పితోనో, కళ్లు తిరిగి పడిపోయో వస్తే నెలసరి తేదీల లెక్క ఎలా ఉన్నా గర్భపరీక్ష చేయించు.

ఇంటికి పంపే ముందు నాడి, ఊపిరి, బీపీ మళ్లీ చూసి, నాలుగు అడుగులు నడిపించు. పడుకుని ఉన్నంతసేపు దాగిన ఆయాసం నడకలో బయటపడుతుంది. డ్యూటీ మారే వేళ 'అంతా బాగుంది' అని అప్పగించకు. 'తొమ్మిదింటికి రెండో ట్రోపోనిన్ పంపాలి, నొప్పి వస్తే వెంటనే ఈసీజీ తీయాలి, బీపీ 90 దిగితే పిలవాలి' అని కాగితం మీద రాసి, మంచం పక్కన నిలబడి, రోగి వింటుండగా చెప్పు.

పెదనాన్న