ఊరికే వాడుకుంటున్న సాఫ్ట్‌వేర్‌కి యజమాని చేత డబ్బు కట్టించడం ఎలా?

కంపెనీ పని మొత్తం ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండి, ఎవరైనా వాడుకోగల సాఫ్ట్‌వేర్) మీదే నడుస్తోంది, తయారుచేసినవాళ్ళకి ఏమన్నా ఇద్దామంటే పైవాళ్ళు ‘ఉచితమే కదా’ అంటున్నారు, ఎలా ఒప్పించాలని అడిగారు. మాది ఒంగోలు. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలకి స్టాకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాం. విరాళం అనే మాట ఎత్తకుండా మెయింటెనెన్స్ ఖర్చు అని అడగండి. నాకు పనిచేసింది అదే.

మా క్లయింటు ఒకాయనకి బ్లాకుల సైజులు, లారీల తూకాలు, ఎగుమతి బిల్లులు అన్నీ పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్ సోర్స్ డేటాబేస్‌లో ఉంటాయి. సర్వర్ నడిచేది లైనక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద. లైసెన్సుకి పైసా ఖర్చు లేదు. ఏటా కొంత పంపుదామంటే, “ఊరికే వచ్చేదానికి డబ్బులెందుకు కట్టాలబ్బాయ్?” అన్నాడు. అదే మనిషి కటింగ్ మిషన్లకి, జనరేటర్‌కి, వేబ్రిడ్జికి ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) డబ్బు మారు మాట్లాడకుండా కడతాడు. ఆ బిల్లులే ఆయన ముందు పెట్టి, “వేబ్రిడ్జి ఆగితే ఆ పూట లారీలు ఆగుతాయి. డేటాబేస్ పోతే ఇన్నేళ్ళ తూకాలే పోతాయి, మరి దీన్ని చూసుకునేవాళ్ళకి?” అన్నాను. ఆ ఏడాదే ఏఎంసీల పద్దులో ఇంకో లైను చేరింది. ఆడిటర్ రసీదు అడుగుతాడు కాబట్టి ఓపెన్ కలెక్టివ్ (ప్రాజెక్టులకి డబ్బు పంపే వెబ్‌సైటు) లాంటి చోట రసీదు ఇచ్చే ప్రాజెక్టులతో మొదలుపెట్టడం సులువు.

ఇంకా నమ్మకపోతే 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ సంగతి చెప్పండి. లైనక్స్‌లో ఫైళ్ళు కుదించే ఆ చిన్న ప్రోగ్రామ్‌ని ఏళ్ళ తరబడి ఒక్కడే, జీతం లేకుండా చూసుకున్నాడు. అలసిపోయి ఉన్న సమయంలో మారుపేరుతో ఒకడు సాయం చేస్తానని చేరి, రెండేళ్ళకి పైగా నమ్మకం సంపాదించి, సర్వర్లలోకి దొంగచాటుగా దూరే దొడ్డిదారి అందులో పెట్టేశాడు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వితే దొరికింది. ఆయన పట్టించుకోకపోతే ఎన్ని సర్వర్లకి ఎసరు వచ్చేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమే.

డబ్బుకి ససేమిరా అంటే, ఆ ప్రాజెక్టుల్లో లోపాలు సరిచేయడానికి మీ పని గంటలు అడగండి. లారీ స్లిప్పుల్లో తెలుగు వత్తులు విడిపోయి ప్రింటయ్యేవి, డ్రైవర్లు ఊరి పేరు చదవలేకపోయేవాళ్ళు. మేం సరిచేసి, ఆ కోడ్‌ని ఆ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకే పంపాం. మా దగ్గరే ఉంచుకుంటే కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మళ్ళీ అతికించుకోవాలి. యజమానులకి ఈ లెక్క చప్పున అర్థమవుతుంది.

మన దేశంలోనూ ఇస్తున్న కంపెనీలున్నాయి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా ఇస్తామని షేర్ల బ్రోకరేజీ కంపెనీ జెరోధా 2024లో ఫ్లాస్ ఫండ్ అనే నిధి పెట్టింది. ఈ ముక్క మీటింగులో బాగా అక్కరకొస్తుంది.

వెళ్ళేముందు మీ సాఫ్ట్‌వేర్ ఆధారపడ్డ లైబ్రరీల (వేరేవాళ్ళు రాసిపెట్టిన కోడ్ ముక్కల) జాబితా తీయండి. అందులో ఒక్క మనిషి చేతిమీద నడుస్తున్నవి ఏవో గుర్తుపెట్టుకుని, మొదటి డబ్బు వాటికే అడగండి.