స్ప్రే కొడుతుంటే మంట లేచిందని బాబుని పని మాన్పించాలా?

చీపురుపల్లి దగ్గర పల్లె నుంచి ఒక తల్లి రాశారు. వాళ్ళ అబ్బాయి ఐటీఐలో మోటార్ మెకానిక్ రెండేళ్ళ ట్రేడు పూర్తి చేసి, నాలుగు నెలలుగా విజయనగరంలో ఒక కార్ల షెడ్డులో పనిచేస్తున్నాడు. పోయిన వారం బ్రేకుల మీద క్లీనర్ స్ప్రే కొడుతుంటే పక్కనే గ్రైండింగ్ జరుగుతోందట, ఒక్కసారిగా మంట లేచి కనుబొమ్మ కాలింది, కుడి ముంజేతి మీద బొబ్బలు వచ్చాయి. వాడిదే అజాగ్రత్త అని మేస్త్రి తిట్టాడట. "మాకు ఒక్కడే కొడుకు. ఈ పని మాన్పించి ఆరు నెలల ఫైర్ అండ్ సేఫ్టీ కోర్సులో వేస్తే గల్ఫ్‌లో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. వాళ్ళ నాన్న ఒప్పుకోవడం లేదు. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

అమ్మా, ముందు బాబు చెయ్యి సంగతి. డాక్టరుకి చూపించారో లేదో మీరు రాయలేదు. బొబ్బలు మణికట్టు దగ్గర ఉన్నా, చితికి రసి కారుతున్నా ఇవాళే చూపించండి, టీటీ ఇంజెక్షన్ కావాలో అక్కర్లేదో కూడా వాళ్ళే చెబుతారు. మంట లేచిన ఆ నిమిషంలో షెడ్డులో చేతికి ఏం పూశారో కూడా అడగండి. మన దగ్గర టూత్‌పేస్టో సిరానో పసుపో, ఏది ముందు కనబడితే అది రాసేస్తారు. అవేవీ వద్దు. కాలిన వెంటనే కుళాయి కింద పెట్టి 20 నిమిషాలు మామూలు నీళ్ళు పారించాలి, ఐసు కూడా పెట్టకూడదు. ఇది మీకూ వాడికీ జీవితాంతం గుర్తుండాలి.

ఇక మీరడిగిన దానికి వస్తాను. పని మాన్పించమని నేను చెప్పను. అలాగని అదే షెడ్డులో ఉంచెయ్యమని కూడా ఈ రోజే చెప్పలేను, ఈ మంట తర్వాత వాళ్ళు అక్కడ ఏం మార్చారో తెలియాలి. మీ ఉత్తరంలో నాకు కష్టంగా అనిపించిన మాట ఆ తిట్టు. నాలుగు నెలల కిందట చేరిన కుర్రాడికి, గ్రైండర్ నడుస్తున్నప్పుడు స్ప్రే ముట్టుకోకు అని ఎవరైనా చెప్పారా? కొట్టడానికి వేరే చోటు చూపించారా? గ్రైండింగ్ చేస్తున్నతను తన రవ్వలు ఎటు పడుతున్నాయో చూసుకున్నాడా? ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి పని చెప్పింది మేస్త్రే కదా.

ఆ డబ్బాలో ఏముంటుందో మీకు తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది, మిగతా సగం సరైన చోట పెడతారు. స్ప్రే డబ్బాలో రెండు ఉంటాయి: పని చేసే ద్రవం, దాన్ని బయటికి నెట్టే గ్యాస్. బ్రేక్ క్లీనర్‌లో ద్రవమే చాలాసార్లు పెట్రోల్ లాగా అంటుకునేది. ఇక నెట్టే గ్యాస్, చాలా డబ్బాల్లో ప్రొపేన్, బ్యూటేన్, అంటే మీ వంటింటి సిలిండర్‌లో ఉండే గ్యాసే. వంటింట్లో గ్యాస్ లీకైతే మీరేం చేస్తారు? స్విచ్ ముట్టుకోరు, కిటికీలు తీస్తారు, అగ్గిపుల్ల గియ్యనివ్వరు. ఆ గ్యాస్‌నే మీ అబ్బాయి రోజుకి ఎన్నోసార్లు చేతులారా గాలిలోకి వదులుతున్నాడు. పైగా వంట గ్యాస్‌కి లీకు తెలియాలని కావాలనే చెడు వాసన కలుపుతారు, స్ప్రే డబ్బాల్లో వాడే గ్యాస్‌కి ఆ వాసన కలపరు. వాసన రావడం లేదు కాబట్టి గ్యాస్ పోయిందనుకుంటే మోసపోతాం. గాలిలో అది వందకి రెండు వంతులు ఉన్నా చాలు, రవ్వ తగిలితే అంటుకుంటుంది.

ఇంకో సంగతి కూడా షెడ్డుల్లో చాలామందికి తెలియదు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, ప్రొపేన్ సుమారు ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. అందుకని పైకి పోదు, నేలబారున పాకుతుంది, కాలవల్లోకి, సర్వీసింగ్ పిట్ (కారు కింద పనిచెయ్యడానికి తవ్విన గొయ్యి) లోపలికి దిగి అక్కడే నిలుస్తుంది. పైన ఫ్యాన్ తిరుగుతోంది కదా అని కింద పిట్‌లో కూర్చుని స్ప్రే కొట్టి, మామూలు బల్బు వైరు లోపలికి లాగి స్విచ్ వేస్తే చాలు, మంటకి ఇంకేం అక్కర్లేదు. కారు లోపల ఏసీ క్లీనర్ కొట్టినప్పుడూ ఇదే. తలుపులు నాలుగూ తీసి ఉంచాలి, కాసేపు బయట నిలబడాలి, తర్వాతే తాళం తిప్పాలి.

వేడిగా ఉన్న బ్రేక్ డిస్క్ మీద, సైలెన్సర్ మీద ఎప్పుడూ కొట్టకూడదు, చల్లారేదాకా ఆగాలి, ఇంజన్ దగ్గర కొట్టే ముందు బ్యాటరీ వైరు తీసెయ్యాలి. "మండదు" అని రాసి ఉన్న బ్రేక్ క్లీనర్లు కూడా దొరుకుతాయి, వాటిని చూసి ధైర్యపడనివ్వకండి, వాటిలో చాలావరకు క్లోరిన్ కలిసిన ద్రావకాలు ఉంటాయి, అవి కొట్టి పూర్తిగా ఆరకముందే వెల్డింగ్ పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు. డబ్బా మారిందంటే జాగ్రత్తా మారాలి, అందుకే లేబుల్ చదవడం అలవాటు కావాలి.

కొన్నేళ్ళ కిందట అప్రెంటిస్ కుర్రాళ్ళ గురించి మాట్లాడడానికి ఒక షెడ్డుకి వెళ్ళాను. పేరు అనవసరం. వెనకాల ఖాళీ స్థలంలో సాయంత్రం చెత్త తగలబెడుతున్నారు, అందులో అయిపోయిన స్ప్రే డబ్బాలు కూడా పడేశారు. మేం మాట్లాడుతుండగా ఢాం అని పేలి ఒక డబ్బా గోడకి కొట్టుకుని మా ముందుకి వచ్చి పడింది. అంతకు రెండు నిమిషాల ముందు అక్కడ ఒక పిల్లాడు కట్టెతో చెత్త ఎగదోస్తున్నాడు. ఆ పిల్లాడి ముఖం నాకింకా గుర్తుంది. అయిపోయింది అనుకున్న డబ్బాలో కూడా గ్యాస్ మిగిలి ఉంటుంది, దాన్ని కాల్చకూడదు, మేకుతో గుచ్చకూడదు. నిండు డబ్బా సంగతి చెప్పక్కర్లేదు. 50 డిగ్రీలు దాటిన వేడి తగలనివ్వొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. మే నెలలో ఎండలో అద్దాలు ఎత్తి పెట్టిన కారులో ఆ వేడి సులువుగా దాటుతుంది. మన రేకుల షెడ్డుల్లో పైకప్పుకి ఆనించి కట్టిన అటక మీద, కంప్రెసర్ మోటారు పక్కన డబ్బాలు పేర్చి ఉండడం నేను చాలాచోట్ల చూశాను.

ఇప్పుడు మీవారు ఒక పని చెయ్యాలి. ఒక రోజు సెలవు పెట్టుకుని విజయనగరం వెళ్ళి షెడ్డు చూసి రమ్మనండి. గొడవకి కాదు, ఓనరుతో మర్యాదగా "మావాడికి ఇలా అయింది, ఇక మీదట ఎలా చేయిస్తారు బాబూ" అని అడిగితే చాలు. అడుగుతూనే చూడాలి. గ్రైండింగ్, వెల్డింగ్ ఒక వైపు, స్ప్రే పని ఇంకో వైపు జరుగుతోందా, లేక అంతా కలిపేనా. డబ్బాలు ఎక్కడ పెడుతున్నారు. ఎర్ర సిలిండర్, అదే మంటలార్పే పౌడర్‌ది, అందుబాటులో ఉందా లేక సామాన్ల వెనక ఉందా, దాని మీద మీటరు ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందా. నూనె గుడ్డలు మూత ఉన్న డబ్బాలో వేస్తున్నారా. ఒకరు సిగరెట్ కాలుస్తూ కనబడితే నాకు ఇంకేం చెప్పక్కర్లేదు. ఓనరు "అవునండీ, ఆ రోజు తప్పు జరిగింది, ఇప్పుడు గ్రైండర్ అటు మార్చాం" అన్నాడంటే బాబుని అక్కడే ఉంచండి, అలాంటి చోట పని బాగా నేర్చుకుంటాడు. "ఇవన్నీ మామూలే, మాకూ ఎన్నిసార్లు కాలలేదు" అన్నాడంటే ఈ నెల జీతం తీసుకుని వేరే షెడ్డు వెతుక్కోమనండి. రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్న ట్రేడు వదలక్కర్లేదు, ఆ షెడ్డు వదిలితే చాలు.

ఈ ముక్క మీ అబ్బాయికి చదివి వినిపించండి. బాబూ, స్ప్రే చేతిలోకి తీసుకునే ముందు తల తిప్పి ఒక చుట్టు చూడు. గ్రైండర్, వెల్డింగ్, హీటర్, తిరుగుతున్న మోటారు, ఏదైనా ఉంటే "అన్నా, ఒక్క రెండు నిమిషాలు ఆపు" అని అడుగు. కొత్తవాడివి కాబట్టి అడగడానికి మొహమాటంగానే ఉంటుంది, నాకు తెలుసు, అయినా అడుగు. కళ్ళద్దాలు పెట్టుకో, నూలు బట్టలు వేసుకో, పాలిస్టర్ చొక్కా వద్దు. చొక్కా మీద క్లీనర్ పడితే మార్చుకుని కానీ నిప్పు దగ్గరికి వెళ్ళకు. డబ్బాలు పేర్చిన చోట మంట అంటుకుంటే ఆర్పే వీరత్వం అస్సలు వద్దు, అవి రాకెట్లలా ఎగిరొస్తాయి. అందరినీ బయటికి లాగి 101కి ఫోన్ చెయ్యి. ఇంకొకటి, ప్రతి స్ప్రేకీ కంపెనీ వాళ్ళు సేఫ్టీ డేటా షీట్ అని ఇస్తారు, 16 భాగాలుంటుంది, ఫోన్‌లో దొరుకుతుంది. మొత్తం చదవలేకపోతే 2వ భాగం, ప్రమాదం ఏమిటన్నది, 5వ భాగం, మంట ఎలా ఆర్పాలన్నది, 7వ భాగం, ఎలా వాడాలి ఎలా దాచాలన్నది, ఈ మూడూ చదువు. మీ షెడ్డులో వాడే డబ్బాలన్నిటివీ చదివి నోట్‌బుక్కులో తెలుగులో రాసుకో. రేపు పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ పనికో, పెద్ద కంపెనీ సర్వీస్ సెంటర్‌కో ఇంటర్వ్యూకి వెళ్తే, మండే ద్రావకాలతో ఎలా పనిచేస్తావని అడిగినప్పుడు నువ్వు చెప్పే జవాబు మిగతావాళ్ళకి రాదు.

అమ్మా, ఆ ఆరు నెలల కోర్సు గురించి. గ్యారంటీ అన్న మాట వినబడిన చోట నేను ఆగుతాను, మీరూ ఆగండి. ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసర్‌గా తీసుకోవాలంటే ఇంజనీరింగ్ డిగ్రీనో డిప్లొమానో, దాని మీద అనుభవం, ఆపైన ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా అడుగుతారు. చెన్నైలో కేంద్ర ప్రభుత్వానికి చెందిన రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ అలాంటి కోర్సు నడుపుతుంది. ఐటీఐ మీద ఆరు నెలల సర్టిఫికెట్‌తో ఆ కుర్చీ దొరకదు, గల్ఫ్‌కి పంపినా వాచ్‌మన్ లాంటి పనిలో పెట్టినవాళ్ళని మన సోంపేట, ఇచ్ఛాపురం వైపు పిల్లల్లోనే చూశాను. ఏ ఏజెంటైనా సరే, కేంద్ర ప్రభుత్వం ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో వాళ్ళ పేరు ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. బాబుకి నిజంగా సేఫ్టీ వైపు ఆసక్తి ఉంటే దారి ఉంది: ఐటీఐ రెండేళ్ళు చేసినవాళ్ళు పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరంలో చేరే అవకాశం ఉంటుంది, దగ్గర్లోని పాలిటెక్నిక్‌లో ఈ ఏడాది నియమాలు కనుక్కోండి. డిప్లొమా, కొన్నేళ్ళ పని, ఆ తర్వాత సేఫ్టీ. దారి పొడుగే, కానీ ప్రతి మెట్టు దగ్గరా చేతిలో ఒక ఉద్యోగం ఉంటుంది. వాళ్ళ నాన్న ఒప్పుకోకపోవడంలో న్యాయం ఉంది.

ఇంకో చిన్న మాట. షెడ్డులో పది మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేస్తుంటే, నెల జీతం 21,000 దాటకుండా ఉంటే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, కట్టాలి. జీతం స్లిప్పులో ఆ కోత ఉందేమో చూడండి. ఉంటే ఈ కాలిన గాయానికి వైద్యం ఈఎస్ఐలోనే ఉచితంగా అవుతుంది, పని చెయ్యలేని రోజులకి జీతంలో 90 శాతం దాకా వస్తుంది. దానికి షెడ్డు వాళ్ళు ప్రమాదం జరిగిందని రాసివ్వాలి, రోజులు గడిచేకొద్దీ వెనకాడతారు కాబట్టి మీవారు వెళ్ళినప్పుడే ఆ కాగితం అడగమనండి.

వెళ్ళొచ్చాక ఓనరు ఏమన్నాడో, గ్రైండర్ ఎక్కడుందో, బాబు చెయ్యి ఎలా ఉందో నాకు రాయండి. షెడ్డు మార్చాల్సి వస్తే విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ పిల్లల్ని సరిగా చూసుకునే నాలుగైదు చోట్లు నాకు తెలుసు, నేనే మాట్లాడతాను.