మాట తెగకుండా చూసుకో

తల్లీ,

నువ్వు తయారుచేస్తున్న వీడియో కాల్ పేజీ లింక్ తెరిచాను. నీ స్నేహితులిద్దరితో కలిసి ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం కదా, బొమ్మ చాలా బాగా వచ్చింది. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా, ఒక్క నొక్కుతో మనిషి బ్రౌజర్‌లో ఎదురుగా ప్రత్యక్షమవడం నాకిప్పటికీ వింతే. మేము ఈ పనిలోకి దిగిన కొత్తల్లో ముందు ప్లగిన్ అనే అదనపు ప్రోగ్రామ్ వేయించాలి, ఆ తర్వాత బ్రౌజర్ మూసి తెరవమనాలి. అప్పటికీ సగం మంది దగ్గర పనిచేసేది కాదు. 2011లో గూగుల్, బ్రౌజర్‌లోనే కాల్ నడిపే వెబ్‌ఆర్‌టీసీ కోడ్‌ని అందరికీ ఇచ్చేసింది. 2013లో క్రోమ్ నుంచి ఫైర్‌ఫాక్స్‌కి కాల్ కలిసింది. 2017లో సఫారీ కూడా వచ్చి చేరింది. రోడ్డు వేశాక బండెక్కావు నువ్వు, అదృష్టవంతురాలివి.

కానీ ఆ ఇరవై నిమిషాల్లో నీ మాట మూడుసార్లు తెగింది. మూడుసార్లూ నీ మొహం మాత్రం తళతళలాడుతూనే ఉంది. అది తలకిందుల పద్ధతి. బొమ్మ కాసేపు మసకబారినా ఎవరూ కాల్ పెట్టేయరు. మాట రెండుసార్లు తెగిందంటే మాత్రం "నేను మామూలు ఫోన్ చేస్తాలే" అనేస్తారు, మళ్లీ నీ వైపు రారు.

లెక్క చూడు. గొంతుని కుదించి పంపే ఓపస్ కోడెక్‌కి సెకనుకి 30, 40 కిలోబిట్లు ఇస్తే మనిషి గొంతు హాయిగా వెళ్తుంది. 720పి నాణ్యత ఉన్న వీడియోకి దాదాపు ఒకటిన్నర మెగాబిట్, అంటే 1,500 కిలోబిట్లు కావాలి. అంటే మాటకి పట్టేది బొమ్మలో ముప్పయ్యో వంతు కూడా లేదు. నెట్ సన్నబడినప్పుడు ఆ పిసరంత దాన్ని కాపాడుకోలేకపోతే తప్పు నెట్‌ది కాదు, మనది. వీడియోకి గరిష్ఠ బిట్‌రేట్ (సెకనుకి ఇంతకు మించి పంపొద్దనే హద్దు) పెట్టు, ఇప్పుడు నీ కోడ్‌లో అది లేదనుకుంటాను. కాల్ ఎలా నడుస్తోందో చెప్పే గెట్‌స్టాట్స్‌ని రెండు సెకన్లకోసారి అడుగుతూ ఉండు. ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, దారిలో పోవడం మొదలైతే ముందు బొమ్మ సైజు తగ్గించు. ఇంకా పోతుంటే వీడియో ఆపేసి, "నెట్ బలహీనంగా ఉంది, మాట మాత్రమే నడుస్తోంది" అని తెర మీద రాయి. చెప్పకుండా ఆపావంటే కెమెరా పాడైందని కంగారుపడతారు. ఓపస్‌లో ఒక సదుపాయం ఉంది: ప్రతి ప్యాకెట్‌లోని మాటను తక్కువ నాణ్యతతో తర్వాతి ప్యాకెట్‌లో కూడా దాచి పంపుతుంది. అది ఆన్‌లో ఉందో లేదో చూసుకో.

ఆలస్యం సంగతి ఇంకా సూక్ష్మమైనది. మాట ఒకవైపు ప్రయాణానికి పట్టే సమయం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే సంభాషణకి ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికాం ప్రమాణం చెబుతుంది. 400 దాటనివ్వొద్దనీ చెబుతుంది. ఆలస్యం పెరిగితే ఏమవుతుందో నీకు తెలుసు. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ ఆగుతారు, "నువ్వు చెప్పు", "లేదు నువ్వే చెప్పు". ఆ మొహమాటం వాళ్ల స్వభావం అనుకుంటారు గానీ చాలాసార్లు అది సర్వర్ ఎక్కడో దూరాన ఉండటం వల్లే.

ఇక ఎకో, అంటే మన మాట మనకే తిరిగి వినిపించడం. దీనితో వచ్చిన తంటా ఏమిటంటే, ఎవరి వల్ల ఎకో వస్తుందో వాళ్లకది వినిపించదు. అందరూ విసుక్కుంటుంటే వాళ్లు అమాయకంగా "నాకు బాగానే వినిపిస్తోందే" అంటారు. బ్రౌజర్‌లో ఉన్న ఎకో క్యాన్సిలేషన్‌ని మాటల కాల్‌లో ఎప్పుడూ ఆపకు. సంగీతం పాఠాలు చెప్పేవాళ్లు మాత్రం ఆపమని అడుగుతారు, వాళ్ల కోసం సెట్టింగ్స్‌లో ఒక మీట పెట్టు చాలు. ఒకే గదిలో ఇద్దరు రెండు ల్యాప్‌టాప్‌లతో కూర్చుంటే కీచుమని గోల పుడుతుంది. దానికి కోడ్‌తో మందు లేదు, ఒకరు మైక్, స్పీకర్ రెండూ ఆపుకోవాల్సిందే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ వాడేవాళ్లు "మైక్ ఆన్ చేయగానే అందరి గొంతులూ డబ్బాలోంచి వస్తున్నాయి" అంటే కంగారుపడకు. అవి కాల్ మోడ్‌లోకి మారడం వల్ల వచ్చే మార్పు అది. మైక్ మాత్రం ల్యాప్‌టాప్‌ది ఎంచుకోమను, సరిపోతుంది.

నా చేతులు కాలిన సంగతి ఒకటి చెప్పాలి. మేము మొదట తయారుచేసిన సర్వీసుని మా ఆఫీసులోనే వారం రోజులు పరీక్షించాం. ఒక్క కాల్ కూడా తెగలేదు. ఒక పెద్ద సంస్థకి చూపించడానికి వెళ్లాం. వాళ్ల గదిలో లింక్ తెరిస్తే తెరంతా నలుపు! పది మంది ముందు అరగంట సేపు తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను. వాళ్ల నెట్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్, కాల్ డేటా మామూలుగా వెళ్లే యూడీపీ దారిని పూర్తిగా మూసేసింది. మా దగ్గర స్టన్ సర్వర్ మాత్రమే ఉంది, టర్న్ సర్వర్ లేదు. స్టన్ నీ బయటి అడ్రస్ ఏమిటో చెబుతుందంతే. దారి మూసి ఉంటే అది చేయగలిగింది ఏమీ లేదు. టర్న్ సర్వర్ మధ్యలో నిలబడి అటుదిటు ఇటుదటు అందిస్తుంది. డేటా మొత్తం దాని మీదుగానే పోతుంది కాబట్టి బిల్లు వస్తుంది, నిజమే. అయినా పెట్టు. మామూలు వెబ్‌సైట్లు వాడే 443 పోర్ట్ మీద, డేటాకి తాళం వేసి పంపే టీఎల్‌ఎస్‌తో పెట్టు, చాలా ఆఫీసు ఫైర్‌వాల్స్ ఆ తలుపు మాత్రం తెరిచే ఉంచుతాయి.

పదిమంది కాల్ గురించి అడిగావు. ఇప్పుడు నువ్వు వాడుతున్న మెష్‌లో ప్రతి ఒక్కరూ మిగతా అందరికీ విడివిడిగా పంపాలి. నలుగురైతే తలా మూడు కాపీలు, పదిమందైతే తలా తొమ్మిది. ల్యాప్‌టాప్ ఫ్యాన్ విమానంలా మోగుతుంది. నలుగురు దాటితే ఎస్‌ఎఫ్‌యూ అనే మధ్య సర్వర్‌కి మారిపో. ఒక్కొక్కరు ఒక్కసారే పంపుతారు, సర్వర్ పంచుతుంది. సిమల్‌కాస్ట్ కూడా పెడితే ఒకే బొమ్మ రెండు మూడు సైజుల్లో వెళ్తుంది, నెట్ సరిగ్గా లేనివాళ్లకి చిన్నది అందుతుంది. ఒకరి బలహీనమైన నెట్ వల్ల అందరి బొమ్మా పాడవదు. అంతా సొంతంగా రాయాలనే పంతం వద్దు. జిట్సీ అనే వీడియో కాల్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్సే, దాని కోడ్ తీసి చదువు, నీకు కొన్ని నెలలు కలిసొస్తాయి.

పర్మిషన్ దగ్గర నువ్వు చేసిన పొరపాటు అందరూ చేసేదే. పేజీ తెరవగానే కెమెరా, మైక్ ఇమ్మని అడిగేస్తున్నావు. ఎందుకో తెలియక సగం మంది బ్లాక్ నొక్కుతారు. నొక్కాక చాలాసార్లు బ్రౌజర్ మళ్లీ అడగదు, నీ పేజీ వాళ్లకి చచ్చినట్టే. ముందు ఒక మాటలో చెప్పు, వాళ్లు బటన్ నొక్కాక అడుగు. ఏదైనా తేడా వస్తే "ఏదో పొరపాటు జరిగింది" అని రాయకు. ఎర్రర్ పేరు బట్టి కారణం తెలిసిపోతుంది కదా: అనుమతి ఇవ్వలేదా, అసలు కెమెరానే లేదా, వేరే యాప్ దాన్ని పట్టుకుని కూర్చుందా. ఏది జరిగితే అది రాయి, ఎలా సరిచేసుకోవాలో కూడా రాయి. మ్యాక్‌లో అయితే బ్రౌజర్‌కే సిస్టమ్ అనుమతి లేకపోవచ్చు, ఆ ముక్క కూడా చేర్చు.

స్క్రీన్ షేర్‌లో అక్షరాలు అలుక్కుపోతున్నాయి. పంపేది ఎలాంటి బొమ్మో బ్రౌజర్‌కి చెప్పే కంటెంట్‌హింట్‌ని టెక్స్ట్ అని పెట్టి, సెకనుకి ఐదు ఫ్రేములు పంపినా చాలు. స్లైడ్స్ పరుగెత్తవు.

నీ మొదటి పేజీలో "మీ కాల్ మేము కూడా వినలేం" అని గొప్పగా రాశావు. ఇద్దరు నేరుగా మాట్లాడుకున్నప్పుడు అది నిజమే, వెబ్‌ఆర్‌టీసీలో ఎన్‌క్రిప్షన్ (డేటాకి తాళం వేయడం) తప్పనిసరి. ఎస్‌ఎఫ్‌యూ పెట్టాక మాత్రం డేటా సర్వర్ దగ్గర విప్పబడుతుంది, విడిగా ఇంకో పొర వేస్తే తప్ప. మారే రోజునే ఆ వాక్యం తీసెయ్, మర్చిపోకు. గది పేర్లు కూడా ఎవరూ ఊహించలేనివిగా ఉండాలి. "మీటింగ్1" అని ఉంటే దారిన పోయే ప్రతివాడూ లోపలికి వస్తాడు.

బ్యాక్‌గ్రౌండ్ మసక చేయడం, చప్పట్ల బొమ్మలు ఎగరేయడం... అవి తర్వాత చూద్దువుగాని. మసక చేయడం పాత ల్యాప్‌టాప్‌లని బాగా అలసగొడుతుంది, అది కూడా గుర్తుంచుకో.

నీ ఇంటి వైఫై మీద పరీక్షించడం ఆపు. లినక్స్‌లో నెట్‌ని కావాలని చెడగొట్టి చూపే నెటెమ్‌తో ఐదు శాతం ప్యాకెట్లు పోయేట్టు, 200 మిల్లీసెకన్ల ఆలస్యం వచ్చేట్టు పెట్టి ఒక గంట మాట్లాడి చూడు. నీ కోడ్ మీద నీకే కోపం వస్తుంది, రానీ.

ఆదివారం సాయంత్రం నాకు కాల్ చెయ్యి. మాట్లాడుతూ మాట్లాడుతూ, నీకు చెప్పకుండా, నేను వైఫై ఆపేసి మొబైల్ డేటాకి మారతాను. కాల్ తనంతట తానే ఐస్ రీస్టార్ట్ చేసుకుని (దారి వెతకడం మళ్లీ మొదలుపెట్టి) కొత్త దారి పట్టుకోవాలి. నేను మధ్యలో "వినిపిస్తోందా?" అని అడగాల్సి వస్తే ఇంకో వారం పని ఉన్నట్టు.

నీ పెద్దమ్మ