రెండో అమ్మమ్మ ఎక్కడ?

అమ్మాయీ,

నీ కథ అందింది. పదకొండు పేజీలూ చదివాను. బాగుంది. ఆ మాట మళ్లీ అనను కాబట్టి ఇప్పుడే తీసి దాచుకో.

కథా ఇంగ్లీషులోనే, దానికి తోడు పంపిన ఉత్తరమూ ఇంగ్లీషులోనే రాశావు. నేను మాత్రం తెలుగులో జవాబిస్తున్నాను. కోపంలో ఉన్నప్పుడు నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదు.

కోపమల్లా నీ కథ పేరు మీద. 'మై గ్రాండ్‌మదర్స్' హౌస్' అని పెట్టావు. ఎస్ అయిపోయాక వేశావు అపాస్ట్రఫీ, అదే, అక్షరం పక్కన పైన పెట్టే ఆ చిన్న కామా. అంటే ఆ ఇల్లు ఒక ముసలమ్మది కాదు, ఇద్దరిది. నలభై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి కదా, పేరు చూడగానే నాకు హుషారు వచ్చింది. అమ్మమ్మా నాన్నమ్మా ఒకే ఇంట్లో! వియ్యపురాళ్లిద్దరూ ఒకే పొయ్యి దగ్గర! ఇక చూడు తమాషా అనుకుని కుర్చీ ముందుకు లాక్కున్నాను. మొదటి పేజీలో మీ అమ్మమ్మ వచ్చింది, ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. రెండో ఆవిడ ఇప్పుడొస్తుంది, అప్పుడొస్తుంది అని గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాను. ఏడో పేజీకి గానీ తెలిసిరాలేదు, ఆవిడ రాదని. నువ్వు ఎస్‌కి ముందు పెట్టాల్సింది తర్వాత పెట్టావు, అంతే.

లోపల ఇంకా ఘోరం. పేరుతో కలిపి ఎర్ర పెన్నుతో లెక్కపెడితే ముప్ఫై నాలుగు తప్పులు తేలాయి. బుట్టలో ఉన్న మామిడిపళ్లు 'మ్యాంగో'స్' అయ్యాయి. వేసవి సెలవులకొచ్చిన పిల్లలు 'కజిన్'స్'. 'హర్స్'కి కూడా ఒకటి తగిలించావు, ఆ పని ఇప్పుడు ఒప్పు కాదు. మూడో పేజీలో ఆవు 'ఇట్'స్ టెయిల్' ఊపింది. మీ అమ్మానాన్నల గదికి మాత్రం, నిజంగా అవసరమున్నచోట, ఏమీ లేదు. పళ్లకి పంచిపెట్టి కన్నవాళ్లకి ఎగ్గొట్టావన్నమాట.

ఇందులో నీ తప్పు సగమే. నువ్వు హైదరాబాదులో ఉంటున్నానన్నావు. ఒకసారి అమీర్‌పేటలో నడిచి చూడు. 'బాయ్'స్ హాస్టల్' అని ఎన్ని బోర్డులో! ఒక్క కుర్రాడి కోసం నాలుగంతస్తులు కట్టారు పాపం. పక్కనే 'మీల్'స్ రెడీ'. మనవాళ్లకి ఎస్ కనిపిస్తే చాలు, ముత్తయిదువకి బొట్టు పెట్టినట్టు దాని ముందొక చుక్క పెట్టేస్తారు. ఇది మన రోగమే అనుకునేవు. ఇంగ్లండులో కూరగాయల కొట్టువాళ్లు బంగాళాదుంపల ధర పలక మీద ఇదే పని చేసీ చేసీ, ఆ తప్పుకే 'కూరగాయలవాడి అపాస్ట్రఫీ' అని పేరు తెచ్చారు.

మరి ఇంత తిట్టినవాణ్ణి పదకొండు పేజీలూ ఎందుకు చదివానంటావా? ఐదో పేజీ వల్ల. శుక్రవారం సాయంత్రం మీ అమ్మమ్మ, కాడ విరిగితే దారం కట్టిన కళ్లజోడు పెట్టుకుని, మహాలక్ష్మ్యష్టకం చదువుతుంది. వేలు పంక్తి కింద జరుపుకుంటూ పోతుంది. మొదటి మాట మధ్యలో ఒక అక్షరం దగ్గర వేలు ఆగుతుంది, ఆవిడ గుటక మింగుతుంది, మళ్లీ వేలు కదులుతుంది. ఊపిరి కోసం ఆగిందని రాశావు. ఊపిరి కోసం కాదమ్మా. అక్కడేముందో నాకు తెలుసు.

నాకప్పుడు ఆరేళ్లు. అప్పుడే ఏబీసీడీలు వచ్చాయి, కనపడిన ప్రతిదీ గట్టిగా చదివేవాణ్ణి. మా నాన్నమ్మ పుస్తకం లాక్కుని 'నమస్తేఽస్తు' దగ్గరికొచ్చాను. మధ్యలో ఆ మెలిక ఉంది చూశావూ, అచ్చం ఇంగ్లీషు ఎస్‌లా ఉంటుంది. 'నమస్తే ఎస్ స్తు' అని చదివాను. నెత్తిన మొట్టికాయ పడింది. 'అది అక్షరం కాదురా. ఇక్కడ అస్తులో అకారం ఉండేది, పోయింది. పోయిందని గుర్తు పెట్టారు' అంది. బడి మొహం చూడని మనిషి.

దాని పేరు అవగ్రహం అని తర్వాత తెలిసింది. ఇంగ్లీషువాడి అపాస్ట్రఫీ చేసే పని సరిగ్గా అదే. 'డోంట్'లో నాట్ తాలూకు ఓ పోయింది, పోయినచోట గుర్తు. 'ఇట్'స్'లో ఈజ్ తాలూకు ఐ పోయింది, లేదా హ్యాజ్‌లో మొదటి రెండక్షరాలూ పోయాయి. ఇదంతా లోపసంధి. మనం 'ఏమి + అంటివి = ఏమంటివి' అని గుర్తేమీ లేకుండా కలిపేస్తాం. సంస్కృతంవాడు కొన్నిచోట్ల గుర్తు పెడతాడు. ఇంగ్లీషువాడూ పెడతాడు. ఎక్కాలతో పాటు సంధులు బట్టీపట్టిన తెలుగు పిల్లకి అపాస్ట్రఫీ రాకపోవడమేమిటి? మన బళ్లలో ఇంగ్లీషు మాస్టారు ఒక గదిలో, తెలుగు మాస్టారు ఒక గదిలో, మధ్య గోడ. ఆ గోడ కొట్టించమని పాతికేళ్లుగా చెబుతున్నాను. నన్ను సభలకి పిలవడం మానేశారు గానీ గోడ అలాగే ఉంది.

నీ వాక్యం మీదే చెయ్యి చూద్దాం. సంధి విడదీయి. 'ది కౌ వాగ్డ్ ఇట్ ఈజ్ టెయిల్'. ఆవు 'అది అయి ఉన్నది తోక' ఊపిందట! నీకే నవ్వొస్తుంది. విడదీస్తే విడిపోకపోతే అక్కడ సంధి లేదు, అపాస్ట్రఫీ లేదు. అపాస్ట్రఫీ లేని ఇట్స్ మన 'దాని' లాంటిది. ఇల్లు 'ఇంటి' అయినట్టు, అది 'దాని' అయినట్టు, మాటే రూపం మార్చుకుంది. ఇక గుర్తెందుకు? యువర్స్, అవర్స్, హర్స్, దెయిర్స్, అన్నీ అంతే.

'కింగ్'స్ హార్స్', అంటే 'రాజుగారి గుర్రం'లాంటి చోట పోయిందేమిటని అడుగుతావని తెలుసు. అక్కడా పోయింది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో రాజుని క్యునింగ్ అనేవాళ్లు, రాజుగారి అనడానికి క్యునింగెస్. చివరి ఎస్‌కి ముందున్న 'ఈ' అనే ఇంగ్లీషు అక్షరం కాలక్రమంలో నోట్లో అరిగిపోయింది. 16వ శతాబ్దంలో అపాస్ట్రఫీ ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి ఇంగ్లీషు అచ్చులోకి వచ్చాక, మెల్లగా ఆ ఖాళీలో కూర్చుంది. మధ్యలో కొంతకాలం 'కింగ్'స్' అంటే 'కింగ్ హిజ్' అని, రాజు ఆయన గుర్రం అని, పెద్ద చదువులవాళ్లే భ్రమపడ్డారు. రాణి గుర్రానికి ఏం చేస్తారో ఆలోచించలేదు.

బహువచనం దగ్గర నా సంధి పని చెయ్యదు, ఒప్పుకుంటాను. 'గ్రాండ్‌మదర్స్''లో ఎస్ తర్వాత పోయిన అక్షరం ఏమీ లేదు. అది 18వ శతాబ్దంలో ఒకరిని చూసి ఒకరు పెట్టుకున్న అలవాటు. ముందు బహువచనం రాసుకో, తర్వాత దాని మీద పెట్టు. విమెన్, చిల్డ్రన్ అప్పటికే బహువచనాలు కాబట్టి వాటికి అపాస్ట్రఫీ తర్వాతే ఎస్. నీ కథలో మీ బావగారి స్కూటరుంది కదా, అక్కడ 'బ్రదర్'స్-ఇన్-లా' కాదు, చివర 'లా' మీద పడాలి. మనం 'కరణంగారి' అని చివరనే మార్చుకుంటాం చూడు, అలాగ.

శ్రీనివాస్ తర్వాత ఇంకో ఎస్ కావాలా అని అడిగావు. నువ్వు నోటితో పలికితే రాయి, పలక్కపోతే మానెయ్. ఇంగ్లీషువాళ్లకే కుదర్లేదు. లండన్లో సెయింట్ జేమ్స్ పార్క్ స్టేషన్‌కి అపాస్ట్రఫీ తర్వాత ఎస్ ఉంది, న్యూకాసిల్లో అదే పేరున్న ఫుట్‌బాల్ మైదానానికి లేదు. లండన్ భూగర్భ రైళ్ల పికడిలీ లైన్లో ఎర్ల్స్ కోర్ట్‌కి అపాస్ట్రఫీ ఉంటుంది, పక్క స్టేషన్ బారన్స్ కోర్ట్‌కి ఉండదు. మా అమ్మాయి రెండు బోర్డులూ ఫొటో తీసి పంపితే మూడు రోజులు ఫోన్ చేసినవాళ్లందరికీ చెప్పాను.

నాటకకర్త బెర్నార్డ్ షా అపాస్ట్రఫీలు వదిలేశాడు కదా, నేనెందుకు వదలకూడదు అన్నావు. షా 'డోంట్'లో వదిలాడు, 'వోంట్'లో వదిలాడు. 'ఐ'ల్'లో వదల్లేదు. అక్కడ తీస్తే జబ్బు అనే ఇంకో మాట అవుతుంది. తెలిసి తీసేసినవాడు ఏది ఉంచాలో కూడా తెలిసి ఉంచాడు. నువ్వు మామిడిపళ్లకి పెట్టి షా పేరు చెప్పకు. అమెరికా రాజ్యాంగం సంగతి ఎత్తుతావేమో, 1787 నాటి ఆ రాతప్రతిలో మొదటి అధికరణం పదో సెక్షన్లో 'దాని' అనాల్సినచోట నీలాగే 'ఇట్'స్' అని ఉంది. అప్పట్లో అలా రాసేవాళ్లు, ఇప్పుడు రాయరు.

ఈ గుర్తు ఎప్పటికీ ఉంటుందని నేననను. మన అరసున్న ఏమైంది? 'ఏడు' అంటే అంకె, 'ఏఁడు' అంటే సంవత్సరం. నోట్లోంచి జారిపోయిన నిండుసున్నకి గుర్తు అది. గిడుగు రామమూర్తిగారి వాడుక భాష గెలిచాక అచ్చులోంచి అదీ పోయింది. ఎవరూ ఏడవలేదు. నిండుసున్న మాత్రం రాయలసీమలో 'ఏండ్లు' అన్నప్పుడల్లా ఖంగుమంటూనే ఉంది. ఇంగ్లండులోనూ పోతోంది. 2009లో బర్మింగ్‌హామ్ నగరపాలకులు వీధి బోర్డుల మీద అపాస్ట్రఫీ పెట్టబోమన్నారు. జాన్ రిచర్డ్స్ అని లింకన్‌షైర్‌లోని బోస్టన్ ఊళ్లో ఒక రిటైరైన జర్నలిస్టు, 2001లో అపాస్ట్రఫీ రక్షణకి సంఘం పెట్టి, కొట్లవాళ్లకి మర్యాదగా ఉత్తరాలు రాసేవాడు. 2019లో, తొంభై ఆరో ఏట, అజ్ఞానమూ బద్ధకమూ గెలిచాయని చెప్పి మూసేశాడు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

నాకెందుకింత పట్టింపో చెప్పాలి. 1986లో విజయవాడలో ఉండగా ఒక ఇంగ్లీషు పత్రికకి చిన్న వ్యాసం పంపాను. ఎడిట్ పేజీలో 'మిడిల్' అని వేసేవాళ్లే, అలాంటిది. మా వీధి జట్కా గుర్రం మీద. బండివాడు తాగి పడుకున్నా గుర్రానికి ఇంటిదారి తెలుసని ఒక వాక్యం. 'ఇట్స్ వే హోమ్' అని రాశాను, అపాస్ట్రఫీ లేకుండా. డెస్కు మీదున్న మహానుభావుడు ఒకటి పెట్టేశాడు. ఆదివారం పేపరు, కింద నా పేరు. బుధవారానికి మా కాలేజీ ఇంగ్లీషు లెక్చరర్‌గారి దగ్గర్నుంచి కార్డొచ్చింది. 'నువ్వు కూడానా?' ఇంకేమీ లేదు.

టైపు చేసిన కార్బన్ కాపీ పట్టుకుని రైలెక్కాను. ఆయన వరండాలో కూర్చుని కాపీ చూశారు, మళ్లీ పేపరు చూశారు. 'కార్బన్ కాపీ ఎవడు చదువుతాడోయ్? అచ్చులో ఉన్నదే నీది' అన్నారు. కాఫీ ఇచ్చారు. ఆ డెస్కు ఆయన తర్వాత చాలా పెద్ద ఎడిటరయ్యాడు, భాష మీద ఉపన్యాసాలు కూడా ఇచ్చాడు. ముందు వరసలో కూర్చుని విన్నాను. పేరు రాయను.

ఇప్పుడా పని నీ ఫోను చేస్తోంది. వెల్ అని కొడితే 'వి'ల్' చేస్తుంది, వర్ అంటే 'వి'ఆర్' చేస్తుంది. ఆ దిద్దుడు ఆపేసుకో. నీ తప్పులు నువ్వే చెయ్యి.

కథంతా వర్తమాన కాలంలో ఎందుకు రాశావో మాత్రం అర్థం కాలేదు. 'అమ్మమ్మ లేస్తుంది, అమ్మమ్మ నడుస్తుంది', క్రికెట్ కామెంటరీలా. ఇప్పుడదే ఫ్యాషనని విన్నాను. సంభాషణలకి కోట్స్ తీసెయ్యడం కూడా ఫ్యాషనేనట. ఇంకో పత్రికవాళ్లు నన్ను 'ఆవకాయ'కి అర్థం కింద రాయమన్నారు. వెయ్యనక్కర్లేదని చెప్పి కథ వెనక్కి తీసుకున్నాను. నువ్వు 'ముక్కాలిపీట'ని వాలు అక్షరాల్లో పెట్టావు. నిటారుగా నిలబెట్టు. మీ ఇంట్లో అది వంకరగా లేదు కదా.

ఏజెంటు గురించీ, పుస్తకం సొంతంగా వేసుకోవడం గురించీ అడిగిన ప్రశ్నలు ఉత్తరంలో ఎక్కడో ఉన్నాయి. మళ్లీ వెతకాలి.

పేజీలు పోస్టులో వెనక్కి పంపుతున్నాను, ఎర్రగా ఉన్నాయని బెంగపడకు. ముప్ఫై మూడు తప్పులు దిద్దాను. పేరులో ఉన్నది దిద్దలేదు. ఎందుకంటే నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. ఒక సంక్రాంతికి మీ నాన్నమ్మ రేకుపెట్టె పట్టుకుని ఆ ఇంటికి వచ్చిందనీ, మూడోనాటికి పెట్టె మళ్లీ గుమ్మంలో కనిపించిందనీ రాశావు. మళ్లీ ఎక్కడా ఆవిడ ఊసు లేదు. ఆ మూడు రోజులూ ఇద్దరూ ఏ గదిలో పడుకున్నారు? పొయ్యి ఎవరు వెలిగించారు? పెట్టె గుమ్మంలోకి మోసుకొచ్చి పెట్టింది ఎవరు?

అది రాసి పంపు. పేరు అలాగే ఉంచు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు