మేడ మీద సినిమా వేస్తున్న అమ్మలుకి

అమ్మలూ,

యుద్ధకాలపు అమెరికా హాస్యచిత్రాలు మూడు మీ మేడ మీద వేస్తున్నావనీ, తెలుగు సబ్‌టైటిళ్లు నువ్వే రాస్తున్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. పొంగిపోయాను. వెంటనే మీ పిట్టగోడ గుర్తొచ్చింది. మోకాలెత్తు లేదది. నవ్వేవాళ్లు వెనక్కి వాలతారమ్మా, గోడ పక్కన ఒక్క కుర్చీ కూడా వెయ్యకు. వైర్లు నేలకి అంటించు.

‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ (1940)లో ఒకరి మాట ముగియకముందే ఇంకొకరు అందుకుంటారు. హోవార్డ్ హాక్స్ కావాలనే అలా తీశాడు. మాటమాటకీ తెలుగు పెడితే చదవడంతోనే సరిపోతుంది, కేరీ గ్రాంట్ మొహం ఎవరు చూస్తారు? సగం వదిలెయ్యి.

నా అసలు భయం ‘ద మోర్ ద మెరియర్’ (1943) గురించి. యుద్ధం పనులకి జనమంతా వాషింగ్టన్ చేరితే ఇళ్లు దొరకవు. జీన్ ఆర్థర్ తన వాటాలో సగం ఒక పెద్దాయనకి అద్దెకిస్తుంది. పొద్దున్నే ఎవరు ఏ నిమిషానికి స్నానాలగదిలో ఉండాలో లెక్క రాసిస్తుంది. ఆ లెక్క ప్రకారం నడవబోయి చార్లెస్ కోబర్న్ పడే పాట్లు చూడాలి! ఆయనకి ఆస్కార్ వచ్చింది ఈ వేషానికే.

మా ఫిల్మ్ సొసైటీలో అది వేసినరోజు మీ నాన్నమ్మని ముందు వరసలో కూర్చోబెట్టాను. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఆ పెద్దాయన హడావిడికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేనేం చేశాను? ప్రొజెక్టర్ ఆపించి, లైట్లు వేయించి, అద్దె ఇళ్ల కరువు గురించి పది నిమిషాలు చెప్పాను. మళ్లీ రీలు తిరిగింది గానీ హాల్లో చప్పుడు లేదు. ఇంటికొస్తూ అమ్మ అంది: “నాకు అర్థమైందనుకుని నవ్వేశాను నాయనా. అది కాదు కాబోలు.” మళ్లీ ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. ఆవిడకి అర్థమైందే అసలు సినిమా అని నాకు తట్టేసరికి ఆవిడ లేదు.

నువ్వు మధ్యలో ఆపకు. నీకు తెలిసిందంతా చెప్పెయ్యాలనిపిస్తుంది, నా పోలికే నీది. నోరు మూసుకుని కూర్చో. చెప్పాల్సింది ముందే రెండు నిమిషాల్లో చెప్పు: 1934 నుంచి హాలీవుడ్‌లో సెన్సారు నియమావళి గట్టిగా అమలైంది, తెర మీద ప్రేమని బాహాటంగా చూపనివ్వలేదు, అందుకే ఆ ప్రేమంతా వాదనల్లోకీ పరుగుల్లోకీ ఎక్కిందని.

‘టు బీ ఆర్ నాట్ టు బీ’ ఆఖర్న వెయ్యి. దాని దర్శకుడు లూబిచ్ బెర్లిన్‌లో పుట్టిన యూదుడు, హిట్లర్ బతికుండగానే నాజీలను చూసి నవ్వించాడు. యుద్ధ ఖర్చుకి ప్రభుత్వం వేసిన బాండ్లు అమ్మి తిరిగొస్తూ అందులో హీరోయిన్ కరోల్ లొంబార్డ్ 1942 జనవరిలో విమాన ప్రమాదంలో పోయింది, సినిమా ఆ తర్వాతే విడుదలైంది. ఇది మాత్రం ముందు చెప్పకు తల్లీ. తెర మీద ఉన్నంతసేపూ ఆ పిల్లని బతకనివ్వు.

శనివారం బస్సుకి వస్తున్నాను. నా కుర్చీ మెట్ల దగ్గర వెయ్యి. ‘ద మోర్ ద మెరియర్’లో జీన్ ఆర్థర్, హీరో జోయెల్ మెక్రే గుమ్మం ముందు మెట్ల మీద కూర్చునే చోట సౌండ్ కాస్త పెంచు. వాళ్లక్కడ మెల్లగా మాట్లాడతారు.

మీ పెదనాన్న