స్కీలు కొనబోతున్న చిన్నాకి

చిన్నా,

ఏ బ్రాండ్ స్కీలు ఎక్కువ కాలం మన్నుతాయని అడిగావు. ఇన్నేళ్లుగా మంచు మీద పడుతూ లేస్తూ వస్తున్నవాణ్ణి కదా, ఆ ప్రశ్నకి ఒక్క పేరు చెప్పి ఊరుకునేవాళ్ల మాట నేనైతే నమ్మను. ఒకే కంపెనీ ఖరీదైన మోడల్‌లో మధ్యన చెక్క కోర్, దాని పైనా కిందా టైటనాల్ (ఒక రకం అల్యూమినియం మిశ్రమం) రేకులు పెడుతుంది, చవక మోడల్‌లో ఫోమ్‌తో సరిపెడుతుంది. పైన బొమ్మలు మాత్రం రెండిటికీ బ్రహ్మాండంగా ఉంటాయి!

ఎక్కడ తయారవుతాయో కనుక్కో, తప్పులేదు. ఫోల్కెల్‌ది జర్మనీలోని స్ట్రౌబింగ్, స్టోక్లీది స్విట్జర్లాండ్‌లోని మాల్టర్స్, ఎలాన్‌ది స్లొవేనియాలోని బెగున్యే. బ్లిజార్డ్ గొప్పదా నార్డికా గొప్పదా అని జనం కొట్టుకుంటారు గానీ, ఆ రెండిటి స్కీలూ చాలావరకు ఆస్ట్రియాలో మిట్టర్‌సిల్‌లోని ఒకే ఫ్యాక్టరీలో తయారవుతూ వచ్చాయి. కేటూ 1962లో అమెరికాలోని వాషాన్ దీవిలో మొదలై, తర్వాత తయారీని చైనాకి మార్చింది. అంతమాత్రాన నాసిరకం అనకు, గట్టివే.

షాపులో స్కీని పక్కకి తిప్పి చూడు. ఇనుప అంచు మీద ప్లాస్టిక్ గోడ నిలువుగా ఉంటే అది సైడ్‌వాల్ రకం, గట్టి మంచులో పట్టు బాగుంటుంది, కాకపోతే స్కీకి స్కీ తగిలినప్పుడల్లా పై పొర అంచులు పెచ్చులూడతాయి, దానికి పెద్దగా కంగారు పడకు. పై పొరే వంగి అంచుదాకా దిగితే క్యాప్ రకం, తేలిక, చవక. ఇక బేస్, అంటే మంచుని తాకే అడుగు ప్లాస్టిక్: సింటర్డ్ (పొడిని వేడితో అదిమి చేసినది) అయితే జారుడుకి రాసే వ్యాక్స్ బాగా పీల్చుకుంటుంది, జారుడు బాగుంటుంది, ఎక్స్‌ట్రూడెడ్ (కరిగించి పోతపోసినట్టు సాగదీసినది) అయితే నెమ్మది గానీ గీతలు పూడ్చుకోవడం సులువు. అంచు మందం కూడా చూడు, పదును పెట్టినప్పుడల్లా కాస్త అరిగిపోతుంది కదా. ఖరీదైన రేసు స్కీలకి అంచులు సన్నగా పెడతారు, గెంతులూ విన్యాసాలూ చేసే పార్క్ స్కీలకి మందంగా, అందుకే ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన ఎక్కువ కాలం వస్తాయనుకోకు.

నా రెండో జత సంగతి చెప్తాను. స్కీలు మంచివే. బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) బిగించినవాడు స్క్రూ రంధ్రాల్లో జిగురు వేయలేదు. రెండో సీజన్‌కి నీళ్లు దిగి చెక్క ఉబ్బింది, మలుపు తిరిగేటప్పుడు మడమ కింద ఏదో కదిలినట్టు అనిపించింది, దిగి చూస్తే స్క్రూ వేళ్లతో తిప్పితే తిరుగుతోంది. ఎవడి తప్పని అడగను, నేను కూడా తడి స్కీలని తుడవకుండా సంచిలో కుక్కేవాణ్ణి.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే మాత్రం రెండిటినీ బేస్‌కి బేస్ ఆనించి వెలుతురుకి పట్టు. ముందూ వెనకా ఆనే చోట సందు రెండు పక్కలా ఒకేలా లేకపోతే ఏదో ఒకటి వంగినట్టే, టైటనాల్ ఒకసారి వంగితే మళ్లీ సరిగా రాదు. డబ్బు ఇచ్చేముందు అలా పట్టుకుని ఒక ఫొటో తీసి నాకు పంపు, చూసి చెప్తాను.

మీ బాబాయ్